20 మిల్లీసెకన్ల ఆలస్యం

టెంపో 60 అని పెట్టాను. వినబడింది 40. డ్రమ్మర్ నిద్రలో నడుస్తున్నట్టుంది.

నేను గిటార్ వాయిస్తాను. డ్రమ్స్ ముందు ఒక్కసారి కూడా కూర్చోలేదు. జీ కీలో ఒక స్లో బ్లూస్ కట్టుకున్నాను, దాని వెనక డ్రమ్స్ కావాలి. వర్చువల్ డ్రమ్మర్ ప్లగిన్ (కంప్యూటర్‌లో డ్రమ్స్ వాయించే సాఫ్ట్‌వేర్) చేతిలో ఉంది, అందులో వందల కొద్దీ గ్రూవ్‌లు, అంటే తయారు డ్రమ్ నడకలున్నాయి. గంట పని అనుకుని మొదలుపెడితే రెండు వారాలు పట్టింది. మొదటి సాయంత్రమంతా ఈ 40 గోలకే సరిపోయింది.

స్లో బ్లూస్ ఎక్కువగా 12/8లో నడుస్తుంది. తకిట తకిట తకిట తకిట అనుకుంటూ కాలు తట్టి చూడండి. కాలు 4 సార్లు పడుతుంది, నోట్లో 12 అక్షరాలు పలుకుతాయి. అదే ఒక బార్. నా మనసులో 60 అంటే ఆ కాలి లెక్క, నిమిషానికి 60, సెకనుకి ఒక దెబ్బ. నా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం టెంపోని క్వార్టర్ నోట్లలోనే (తకిటలో రెండు అక్షరాలంత నిడివి) లెక్కబెడుతుంది. 12/8లో కాలు పడేది మూడు అక్షరాలకోసారి, డాటెడ్ క్వార్టర్‌కి, అంటే క్వార్టర్‌కి ఒకటిన్నర రెట్లు. కాబట్టి నాకు 60 కావాలంటే అక్కడ 90 అని కొట్టాలి. 60 కొడితే వచ్చేది 40. ఇంత చిన్న లెక్క నాకు రాత్రి పదకొండింటికి గానీ వెలగలేదు. ఈ తలనొప్పి వద్దనుకునేవాళ్లు ప్రాజెక్టుని 4/4లోనే (బార్‌కి నాలుగు క్వార్టర్ దెబ్బలు) ఉంచి, గ్రిడ్‌ని, అంటే నోట్లు పెట్టే గీతల్ని, ట్రిప్లెట్‌కి (దెబ్బకి మూడు భాగాలు) మార్చుకుంటారు, అప్పుడు 60 అంటే 60యే. తెలివైన పద్ధతి. నేను మొండిగా 12/8లోనే ఉండిపోయాను. ఆ మొండితనం తర్వాత వేరే రకంగా కలిసొచ్చింది.

టెంపో కుదిరాక ప్లగిన్‌లో 'బ్లూస్' అని ఉన్న గ్రూవ్‌లన్నీ వరసగా విన్నాను. చాలావరకు షఫుల్స్. షఫుల్‌లో తకిటలోని 'కి' పలకదు, 'త'కీ 'ట'కీ మధ్య ఖాళీ ఉంటుంది. 120 దగ్గర ఆ ఖాళీయే ఊపునిస్తుంది. దాన్ని 60కి దించితే ఆ ఖాళీ గొయ్యి అవుతుంది, ప్రతి దెబ్బకీ అందులో పడి లేస్తున్నట్టుంటుంది. స్లో బ్లూస్‌లో హైహ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) మామూలుగా మూడు అక్షరాలూ పలుకుతుంది, పాటని నడిపించేది అదే. సరే, మనమే రాసుకుందాం అనుకున్నాను.

రాయడానికి ఏముంది? కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ. మూడో దెబ్బకి ముందున్న 'ట' మీద ఇంకో చిన్న కిక్, లోపలికి తోయడానికి. స్నేర్ (పుల్లలతో కొట్టే, ఫెళ్లుమనే డ్రమ్) రెండుకీ నాలుగుకీ. హైహ్యాట్ పన్నెండుకి పన్నెండు. పావుగంటలో అయిపోయింది. ప్లే నొక్కితే కుట్టుమిషన్.

హైహ్యాట్ నోట్లన్నీ 100 వెలాసిటీలో ఉన్నాయి మరి. వెలాసిటీ అంటే దెబ్బ బలం; మిడిలో, అంటే కంప్యూటర్‌కి నోట్లు చెప్పే భాషలో, అది 127 దాకా పోతుంది. మంచి ప్లగిన్‌లో ఒక్కో బలానికి వేర్వేరు రికార్డింగులుంటాయి, ఒకే బలానికి కూడా నాలుగైదు మార్చి మార్చి వాడుతుంది. కానీ మనం పన్నెండు నోట్లూ ఒకే బలంతో రాసి పెడితే పాపం అదేం చేస్తుంది? 'త'కి 90, 'కి'కి 55, 'ట'కి 70 పెట్టాను. తర్వాత ఒక్కోదాన్నీ మౌస్‌తో రెండు మూడు అంకెలు అటూ ఇటూ జరిపాను. ఈ ఒక్క పనితో సగం ప్రాణం వచ్చింది. ఎవరైనా అడిగితే మొదట హైహ్యాట్ వెలాసిటీలే చూడమంటాను.

అయినా హైహ్యాట్ కుంటుతోంది. ఒక దెబ్బలో బాగానే ఉంటుంది, తర్వాతి దెబ్బలో కాలు ఈడుస్తుంది. రెండు రోజులు శాంపిల్స్‌నే (ప్లగిన్‌లోని రికార్డింగుల్నే) అనుమానించాను, కిట్లు మార్చాను, హెడ్‌ఫోన్స్ మార్చాను. చివరికి చూస్తే పాత ప్రాజెక్టు నుంచి స్వింగ్ 53 శాతం దగ్గర అలాగే ఉండిపోయింది. స్వింగ్ అనే ఈ మీట 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎమ్-1 డ్రమ్ మిషన్ నాటి సంగతి. నోట్లని జతలు జతలుగా చూసి, ప్రతి జతలో రెండోదాన్ని కాస్త వెనక్కి తోస్తుంది. 4/4కి సరిపోతుంది. 12/8లో ఉన్నవి మూడేసి అక్షరాలు. మూడేసిని రెండేసిగా కోస్తే ఏమవుతుంది? మొదటి దెబ్బలో 'కి' ఆలస్యం, రెండో దెబ్బలో 'త', 'ట' రెండూ ఆలస్యం, మూడో దెబ్బలో మళ్లీ 'కి'. కుంటకుండా ఎలా ఉంటుంది!

స్వింగ్‌ని 50కి తెచ్చాను, అంటే తోయడమే లేదు. హైహ్యాట్ చక్కగా నిలబడింది. పాట చచ్చిపోయింది.

ఇది నాకు అర్థం కావడానికి ఇంకో రోజు పట్టింది. తప్పు ఉన్నప్పుడు బాగున్న ఏదో ఒకటి తప్పుతో పాటే పోయింది. 50, 53 మార్చి మార్చి, ఈసారి హైహ్యాట్‌ని మ్యూట్ చేసి విన్నాను. అప్పుడు దొరికింది. స్నేర్ పడేది రెండో దెబ్బ 'త' మీద, నాలుగో దెబ్బ 'త' మీద. పన్నెండు అక్షరాల వరసలో అవి 4, 10 స్థానాలు. రెండూ సరి సంఖ్యలే, అంటే స్వింగ్ వెనక్కి తోసేవే. నా టెంపోలో ఒక్కో అక్షరం 333 మిల్లీసెకన్లు, 53 శాతం స్వింగ్‌కి స్నేర్ 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతోంది. హైహ్యాట్‌ని పాడుచేసిన మీటే స్నేర్‌ని వెనక్కి వాలి కూర్చునేలా చేసిందన్నమాట. మొదటి రోజే 4/4, ట్రిప్లెట్ గ్రిడ్‌లోకి పోయుంటే స్నేర్ గ్రిడ్ మీదే పడేది, ఈ సంగతి నా చెవిన పడేదే కాదు.

ఆ రాత్రి 1950ల నాటి షికాగో బ్లూస్ రికార్డింగులు పెట్టుకుని, స్నేర్‌తో పాటు తొడ మీద తట్టుకుంటూ కూర్చున్నాను. జాజ్ నుంచి వచ్చిన డ్రమ్మర్ ఫ్రెడ్ బిలో వాయించినవి కూడా ఉన్నాయి వాటిలో. నెమ్మది పాటల్లో నా చెయ్యి ప్రతిసారీ ముందే పడింది.

ఆలస్యం కావాలని తెలిశాక చేసిన మొదటి పని తప్పు పని. హ్యూమనైజ్ బటన్ నొక్కాను. అది ప్రతి నోటునీ ఇష్టమొచ్చినట్టు ముందుకీ వెనక్కీ జరిపింది. ఒక స్నేర్ 15 మిల్లీసెకన్లు ముందు, ఇంకోటి 10 వెనక. కొత్తగా నేర్చుకుంటున్నవాడు భయపడుతూ వాయించినట్టు తయారైంది. ప్రతిసారీ ఒకేలా ఆలస్యమైతే అది వాయించేవాడి తీరు. ఒకసారి ఆలస్యమై ఇంకోసారి తొందరపడితే అది రాకపోవడం. ఆ బటన్‌కి ఆ పేరెవరు పెట్టారో గానీ మళ్లీ దాని జోలికి పోలేదు.

చేత్తోనే జరిపాను. నా సాఫ్ట్‌వేర్‌ కాలాన్ని టిక్కులనే చిన్న ముక్కలుగా కొలుస్తుంది, క్వార్టర్ నోటుకి 480 టిక్కులు. 90 టెంపోలో ఒక టిక్కు సుమారు 1.4 మిల్లీసెకన్లు, కాబట్టి 14 టిక్కులు వెనక్కి. 7 టిక్కులకి తేడా పెద్దగా తెలియలేదు, 28కి పాట ఈడ్చుకుంటూ పోయింది, 14 దగ్గర ఆగాను. కిక్, హైహ్యాట్ గ్రిడ్ మీదే ఉన్నాయి. అవి కదలకుండా ఉంటేనే స్నేర్ ఆలస్యం చెవికి తెలుస్తుంది. అన్నీ కలిసి వెనక్కి పోతే ఎవరూ పోనట్టే. స్నేర్ ట్రాక్ మొత్తానికి డిలే పెడితే తేలికే గానీ, గోస్ట్ నోట్స్ (స్నేర్ మీద వినీ వినబడనట్టు పడే చిన్న దెబ్బలు) కూడా జరిగిపోతాయి. నాకు అవి గ్రిడ్ మీదే కావాలి.

గోస్ట్ నోట్స్ మీద మోజుపడి బార్‌కి ఐదారు పెట్టాను. వెలాసిటీ 30 లోపే, హెడ్‌ఫోన్స్‌లో ముద్దుగా ఉన్నాయి. డ్రమ్స్ మీద కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించేది) వేయగానే అన్నీ పైకి లేచి గుసగుసలు కాస్తా సంతగోల అయ్యాయి. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే బార్‌కి ఒకటి మిగిలింది, రెండో దెబ్బ 'కి' మీద.

అప్పుడు డ్రమ్స్ వాయించే ఒక స్నేహితుడికి వినిపించాను. అర నిమిషం విని, "ఒరేయ్, నీవాడికి ఎన్ని చేతుల్రా?" అన్నాడు. నేను ఫిల్ (బార్ చివర నడక మార్చి వేసే చిన్న ముక్క) రాసిన చోట టామ్‌ల (పక్కనుండే డ్రమ్ముల) మీద రెండు చేతులూ తిరుగుతున్నాయి, కింద హైహ్యాట్ పన్నెండు అక్షరాలూ పలుకుతూనే ఉంది. క్రాష్ పడే చోట క్రాష్, రైడ్ అనే రెండు పెద్ద తాళాలూ, స్నేరూ, మూడూ ఒకేసారి. బ్లూస్‌లో పన్నెండు బార్లు ఒక చుట్టు, చివర మళ్లీ మొదటికి తిప్పే ముక్క టర్నరౌండ్. దాని గురించి ఇంకోటి కూడా అన్నాడు: "పన్నెండో బార్‌లో నువ్వు టర్నరౌండ్ వాయిస్తావు గదా, సరిగ్గా అప్పుడే వీడు ఫిల్ ఎందుకు కొడుతున్నాడు? ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట వినాలి?"

టామ్‌లన్నీ తీసేశాను. పన్నెండో బార్ చివరి దెబ్బలో స్నేర్ మీద మూడు అక్షరాలు, మెల్లగా పెరుగుతూ, 60, 75, 95. అంతే ఫిల్. ఆ మూడింటికీ హైహ్యాట్ ఆగుతుంది.

మిగతాది త్వరగానే అయింది. మొదటి పన్నెండు బార్లకి స్నేర్ బదులు సైడ్ స్టిక్ (పుల్లని స్నేర్ అంచుకి తట్టే దెబ్బ). జనరల్ మిడి లెక్కలో (ఏ వాయిద్యానికి ఏ నోటు నంబరో చెప్పే అందరి పద్ధతిలో) స్నేర్ 38, సైడ్ స్టిక్ 37, కాబట్టి నోట్లని ఒక్క మెట్టు దించితే సరిపోయింది. రెండో చుట్టుకి పూర్తి స్నేర్, సోలోకి హైహ్యాట్ నుంచి రైడ్‌కి, కాలితో మూసే హైహ్యాట్ మాత్రం రెండుకీ నాలుగుకీ. ఐదో బార్‌లో సీ కార్డుకి మారేటప్పుడు కిక్ వెలాసిటీ ఓ పది పెంచాను. విడిగా వింటే తెలియదు, గిటార్‌తో పాటు వింటే కార్డు బరువుగా దిగుతుంది.

నిన్న కూర్చుని దాని మీద గిటార్ రికార్డు చేశాను. మొదటి టేక్ వింటే ప్రతి బార్‌లో రెండో దెబ్బకి స్నేర్ కంటే ముందే నా కార్డు పడిపోతోంది. ఇన్నాళ్లూ మెట్రోనోమ్‌తో వాయించిన చెయ్యి, దానికి ఆగడం తెలియదు. నాలుగో టేక్ దాకా అదే వరస. ఇవాళ గిటార్ పక్కన పెట్టి, డ్రమ్స్ పెట్టుకుని మళ్లీ తొడ మీద తడుతున్నాను.