సెడర్‌బర్గ్ కొండల్లో ఎర్ర తేనీరు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి ఎన్7 రహదారి మీద ఉత్తరానికి రెండు వందల కిలోమీటర్లు దాటాక క్లాన్‌విలియమ్ వస్తుంది. దారిలో గోధుమ పొలాలు, తర్వాత నారింజ తోటలు, ఊరి అవతల ఇసుక నేలలు, సెడర్‌బర్గ్ రాతికొండలు. ఎర్ర తేనీరు కాచుకునే రూయిబోస్ పొదకు పుట్టిల్లు ఈ కొండలే.

ఫిబ్రవరి కావడంతో కోతలు జోరుగా సాగుతున్నాయి. సూదుల్లాంటి సన్నని ఆకుల పొదలను కూలీలు కొడవళ్లతో కోసి కట్టలు కడుతున్నారు. తేయాకుతో దీనికి చుట్టరికం లేదు. ఇది మన కంది, ఉలవల కుటుంబానికి చెందిన మొక్క. వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టే సారంలేని ఆ ఇసుకలో బతుకుతోంది.

నన్ను కదలనివ్వనిది మాత్రం కళ్లమే. కొమ్మలను యంత్రంతో సన్నగా తరిగి, నీళ్లు చల్లి, నలగ్గొట్టి, ఆరుబయట పొడవాటి గట్లుగా పోస్తారు. సాయంత్రం చూసినప్పుడు ఆ గట్టు పచ్చగా ఉంది, కోసిన గడ్డి వాసన వేస్తోంది. నలిగిన ఆకులోని రసానికి రాత్రంతా గాలి తగిలి, తెల్లవారేసరికి ఇటుక రంగుకు తిరిగింది. వాసన కూడా మారి తేనెలా తియ్యగా, ఘుమఘుమలాడుతోంది. మేస్త్రి గుప్పెడు తీసి వాసన చూసి తలూపాకే దాన్ని ఎండలో పలచగా పరిచారు. అంత పెద్ద కళ్లంలో ఆఖరి తీర్పు మనిషి ముక్కుదే కావడం నాకెంతో నచ్చింది.

ఈ ఆకు గుణం మొదట గుర్తించింది అక్కడి ఆదివాసులైన ఖోయ్, సాన్ ప్రజలు. 1904లో బెంజమిన్ గిన్స్‌బర్గ్ అనే వ్యాపారి కొండవాసుల దగ్గర కొని బయట అమ్మడం మొదలుపెట్టాడు. 1930లలో క్లాన్‌విలియమ్ వైద్యుడు నోర్టియర్ దీన్ని సాగులోకి తెచ్చాడు. కాయ పగలగానే చిట్లి చెదిరిపోయే విత్తనాలను ఏరడం ఎంతో కష్టం. ఒక స్థానిక మహిళ చీమల వెంట వెళ్లి వాటి పుట్టల్లో విత్తనాల నిల్వలు కనిపెట్టిందని అక్కడ చెప్పుకుంటారు. గట్టి పెంకును గీరితే తప్ప అవి సరిగా మొలకెత్తవు.

ఖోయ్, సాన్ ప్రజలకు ఈ వ్యాపారంలో వాటా దక్కడానికి 2019 దాకా పట్టింది. పొలం దగ్గర పలికే ధరలో 1.5 శాతం వారికి చెల్లించేలా ఒప్పందం కుదిరింది. నా దృష్టిలో అది తక్కువే, ఆలస్యం కూడా. అయినా హక్కును ఒప్పుకున్నందుకు సంతోషించాను. 2021లో ఐరోపా సమాఖ్య కూడా రూయిబోస్ పేరు ఈ ప్రాంతపు పంటకే చెందుతుందని గుర్తించింది.

పాఖైస్ కనుమ దాటి వుప్పర్‌తాల్ వెళ్లాను. 1830 నాటి మిషనరీ గ్రామం అది. 2018 డిసెంబరు చివర చెలరేగిన మంటల్లో అక్కడ ఎన్నో ఇళ్లు కాలిపోయాయి. చిన్న రైతులు అక్కడ కొండల మీది అడవి రూయిబోస్‌ను కూడా కోస్తారు. ఒక రైతు ఇంటి వసారాలో తాగిన ఆ తేనీరు తోటలో పండినదాని కంటే చిక్కగా, ఘాటుగా అనిపించింది. నేను ఆకు కొంటుంటే ఆ ఇల్లాలు తయారీ కూడా చెప్పారు. కెఫీన్ ఉండదు, వగరునిచ్చే టానిన్ తక్కువ, అందుకే ఎంతసేపు నానినా వగరెక్కదట. కప్పుకు ఒక చెంచా ఆకు, మరిగే నీళ్లు, పది నిమిషాలు మూత. పాలు పోసుకునేవారు ఆకు కాస్త ఎక్కువ వేసుకోవాలి, నిమ్మరసం పిండుకునేవారికి ఒక చెంచా చాలు.