విశాఖలో మూడు రాత్రులు, ఒక గది, మా ఆయన ఫోను నంబరు

ఇవాళ పొద్దున్నే గుంటూరులో దిగాను. సంచి ఇంకా విప్పలేదు. కోపం చల్లారకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను. చల్లారితే నేను మంచిదాన్నైపోతాను, అప్పుడు సగం విషయాలు కడుపులోనే ఉండిపోతాయి.

నాకు 62 ఏళ్ళు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 34 ఏళ్ళు లెక్కలు చెప్పి ఈ ఏడాదే పదవీ విరమణ చేశాను. కార్తీక మాసంలో విశాఖపట్నం వెళ్ళి, ఎవరికీ వంట చేయకుండా, ఎవరినీ తొందరపెట్టకుండా మూడు రోజులు సముద్రం చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా ఆయనను రమ్మంటే, "సముద్రమంటే ఉప్పునీళ్ళే కదా, కావాలంటే సూర్యలంక పక్కనే ఉంది, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు" అన్నారు. ఆయన గుమ్మం దాటితే పాల ప్యాకెట్టు కోసమే. సరే, నేనే వెళ్తానన్నాను.

మొదట 2025 అక్టోబరు 28కి టికెట్టు తీసుకున్నాను. సరిగ్గా ఆ రాత్రే మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. రైలు రద్దయింది, డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది, ఆ విషయంలో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. తప్పు నాదే. అక్టోబరులో విశాఖ ప్రయాణం పెట్టుకునేవాళ్ళు బంగాళాఖాతం సంగతి ముందే ఆలోచించుకోవాలి. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే, అది నేరుగా విశాఖనే తాకింది. అల్పపీడనం అన్న మాట వినగానే బెంబేలు పడనక్కర్లేదు. వాయుగుండం అంటే సంచి సర్దటం ఆపండి. తుపానై పేరు కూడా పెట్టారంటే టికెట్టు రద్దు చేసుకుని పకోడీలు వేసుకోండి. నవంబరు రెండో వారం నాకు బాగా కలిసివచ్చింది. ఎండ ఉంది కానీ కాల్చలేదు, పొద్దున గాలికి పల్చని శాలువా చాలింది.

నవంబరు 8, శనివారం. రైలు ప్రయాణం సుఖంగా సాగింది. స్టేషను నుంచి సిటీ బస్సులో ఆధార్ చూపిస్తే, ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి, కండక్టరు సున్నా టికెట్టు చించి ఇచ్చాడు. ఆ కార్డు చూసి ప్రభుత్వం నన్ను ఒక్కదాన్నే రాష్ట్రమంతా తిరగమంటోంది కదా, అదే కార్డు ఒక లాడ్జిలో ఎందుకు చెల్లలేదో చెబుతాను.

లాడ్జి పేరు రాయను. బీచ్‌కు నడిచి వెళ్ళేంత దూరం. పది రోజుల ముందే ఆన్‌లైన్‌లో మూడు రాత్రులకు తీసుకున్నాను. అడ్వాన్సు కట్టాను, రసీదు ఫోనులో ఉంది. కౌంటరులో పాతికేళ్ళ కుర్రాడు, నుదుట విభూతి, మర్యాదగానే ఉన్నాడు.

"మీతో ఎవరున్నారు మేడమ్?"

"ఎవరూ లేరు, నేనే."

"అంటే వెనక వస్తున్నారా?"

"వెనకా లేరు, ముందూ లేరు. తాళం ఇవ్వు బాబూ, కాళ్ళు లాగుతున్నాయి."

అతడు రిజిస్టరు మూసేశాడు. మూసి, దాని మీద చెయ్యి పెట్టాడు. "ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకు గది ఇవ్వం మేడమ్. రూలు."

ఏ రూలో చూపించమన్నాను. గోడ మీద అద్దంలో బిగించిన కాగితం వైపు వేలు పెట్టాడు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను. ఏడు నిబంధనలు ఉన్నాయి. బయటి భోజనం తేకూడదు, విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు, గోడల మీద బట్టలు ఆరేయకూడదు, అలాంటివి. ఒంటరి ఆడవాళ్ళ ఊసు ఎక్కడా లేదు. పైన శీర్షికలో మాత్రం 'అతిధులకు విజ్ఞప్తి' అని ఉంది. "అతిథిలో థ ఉండాలి నాయనా, ధ కాదు" అన్నాను. అనకుండా ఉండాల్సింది, నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళ అలవాటు.

బయటికి వచ్చి వీధి చివర ఇంకో లాడ్జికి వెళ్ళాను. అక్కడ పెద్దమనిషి నా సంచిని, నా వెనక ఖాళీని చూసి, "గదులు లేవండీ" అన్నాడు. ఆయన వెనక చెక్క బల్ల మీద తాళాలు వేలాడుతున్నాయి. లెక్కల టీచర్ని కదా, పదకొండు. మళ్ళీ మొదటి చోటికే వచ్చాను. డబ్బు కట్టింది అక్కడ.

ఈలోగా అక్కడ ఒక కుటుంబం దిగింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. వాళ్ళ ఆధార్‌లు జిరాక్సు తీస్తూనే కుర్రాడు నా వైపు వంగి గొంతు తగ్గించాడు. అప్పటిదాకా మేడమ్ అన్నవాడు అమ్మా అన్నాడు.

"ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా అమ్మా?"

గొంతు తగ్గించాడు కానీ ఆ గది చిన్నది. అందరికీ వినిపించింది. ఆ పెద్దావిడ నా కన్నా నాలుగేళ్ళు పెద్దదేమో, నన్ను కింద నుంచి పైకి చూసింది. నా చెప్పులు, సంచి, మెడలో నల్లపూసలు, ముఖం. ఆ చూపులో ఈసడింపు ఉంటే తట్టుకునేదాన్ని. జాలి ఉంది. ఇంట్లోంచి కోపం వచ్చి వెళ్ళిపోయిన మనిషిని చూసే చూపు. "కూర్చో అమ్మా" అని కుర్చీ కూడా జరిపింది. కూర్చోలేదు. కూర్చుంటే ఒప్పుకున్నట్టే అనిపించింది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు తొమ్మిదిసార్లు చీఫ్ సూపరింటెండెంటుగా చేశాను. ప్రశ్నపత్రాల కట్టలు నా సంతకం మీద విప్పేవారు. కాపీ కొడుతున్న మండల నాయకుడి కొడుకును బయటికి పంపినదాన్ని. అలాంటిది, నేను చచ్చిపోవటానికి రాలేదని ఒక కుర్రాడికి రుజువు చేయాల్సి వచ్చింది. దానికి ఏ సంతకం పనికొస్తుంది?

"మీవారి నంబరు ఇవ్వండమ్మా, ఒక్కసారి మాట్లాడి తాళం ఇచ్చేస్తాను."

ఇవ్వనని తిరిగి వచ్చేసి ఉంటే ఈ అనుభవం ఇంకోలా రాసేదాన్ని. కానీ సాయంత్రం ఐదు దాటింది, నవంబరులో అక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది, మోకాలు సలుపుతోంది. ఇచ్చాను. అతడు స్పీకరు పెట్టాడు. స్పీకరు ఎందుకు పెట్టాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

"సార్, మీ భార్యగారు మా లాడ్జికి వచ్చారు. మీకు తెలిసే వచ్చారా?"

అటువైపు టీవీ మోత. తర్వాత మా ఆయన గొంతు, తాపీగా. "తెలియకేం బాబూ, నెల రోజులుగా అదే పాట. గది ఇచ్చేయండి. లేకపోతే మిమ్మల్ని నిలబెట్టి పాఠం చెబుతుంది."

కుర్రాడు నవ్వాడు. ఆ కుటుంబం నవ్వింది. కుర్చీ జరిపిన పెద్దావిడ అందరికన్నా గట్టిగా, పెద్ద భారం దిగిపోయినట్టు నవ్వింది. తాళం చేతికి వచ్చింది. రిజిస్టరులో నా పేరు ఎదురుగా 'భర్తతో మాట్లాడాం' అని రాసి, నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాక, ఆ సంతకం పెట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆ రాత్రి సముద్రం వైపు వెళ్ళనే లేదు.

మర్నాడు కాఫీ తెచ్చిన పిల్లవాడు చెప్పాడు. కిందటేడు ఒక గదిలో ఎవరో ప్రాణం తీసుకున్నారట. పోలీసులు నెలలపాటు వీళ్ళను తిప్పారట. అప్పటినుంచీ ఒంటరిగా ఎవరొచ్చినా యజమాని వద్దంటాడట. పాపం అనిపించింది. అయితే "మగవాళ్ళు ఒక్కరే వచ్చినా ఇంతేనా?" అని అడిగితే, ఆ పిల్లవాడు గ్లాసు తీసుకుని, "వాళ్ళు డ్యూటీ పని మీద వస్తారు కదమ్మా" అన్నాడు. పాపం అనుకున్నది వెనక్కి తీసుకున్నాను.

ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టారని ధీమాగా వెళ్ళకండి. ముందు లాడ్జికే ఫోను చేసి, "ఒక్కదాన్నే వస్తున్నాను, గది ఇస్తారా" అని అడగండి. ఇస్తామంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. చీకటి పడేలోగా చేరండి. చీకట్లో బేరం మన చేతిలో ఉండదు.

ఇక ఊరు. ఊరికి వంక పెట్టను.

తెల్లవారుజామున బీచ్ రోడ్డు నడిచేవాళ్ళది. సూర్యుడు ఆరు దాటాక సముద్రంలోంచి వస్తాడు. ఆరున్నరకు లేచి వెళ్ళి "ఏముంది ఇక్కడ" అనకండి. సోమవారం కార్తీక సోమవారం కావటంతో రామకృష్ణా బీచ్‌లో తడి చీరలు, అరటి దొప్పల్లో దీపాలు, ఇసుకలో గుచ్చిన అగరొత్తులు. దీపం వదలటానికి చీలమండ దాకా దిగినా చాలు, అంతకు మించి వద్దు. అక్కడ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, వెనక్కి వెళ్ళే అల కాలి కింద ఇసుకను లాక్కుపోతుంది. నా పక్కన ఒకాయన ఫోటో కోసం మోకాలి లోతుకు వెళ్ళి చెప్పు పోగొట్టుకున్నాడు. చెప్పుతో పోయింది.

భీమిలికి 900K నంబరు సిటీ బస్సు ఎక్కి, కిటికీ పక్కన సముద్రం వైపు కూర్చోండి. డబ్బు పెట్టి చేసే ఏ విహారమూ దానికి సాటిరాదు, నాకైతే సున్నా టికెట్టు. దారిలో తొట్లకొండ దగ్గర దిగాను. బౌద్ధ భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. కొండ పైదాకా ఆటో అతను అడిగిన డబ్బు విని నడిచే ఎక్కాను, మోకాలితో సహా. వానలు వెళ్ళిన కొత్త కాబట్టి గడ్డి పచ్చగా ఉంది, స్తూపం చుట్టూ కూడా పచ్చదనం. పైన నేనూ, ఒక మేకా తప్ప ఎవరూ లేరు. దానిని కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

కురుసుర జలాంతర్గామికి సోమవారం సెలవు. అది తెలియక వెళ్ళి గేటు చూసి వచ్చాను, మంగళవారం మధ్యాహ్నం తెరిచాక మళ్ళీ వెళ్ళాను. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుని మరుసటి ఏడాదికి ఒడ్డు మీద మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. లోపల ఒక అర నుంచి ఇంకో అరకు వెళ్ళటానికి గుండ్రటి ఇనుప రంధ్రం. ముందు కాలు, తర్వాత తల, తర్వాత మిగతా మనిషి. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఒక్కో రంధ్రం దాటుతుంటే, అక్కడున్న మాజీ నావికుడు "మెల్లగా అమ్మగారూ, తల" అంటూనే ఉన్నాడు. రెండుసార్లు కొట్టుకున్నాను. ఒకరి మీద ఒకరు అరల్లో పడుకుని, రోజుల తరబడి సూర్యుణ్ణి చూడకుండా ఉన్నవాళ్ళ మంచాలు చూశాక, నా లాడ్జి గది మీద కోపం కాస్త తగ్గింది. గది మీదే సుమా.

అరకు వెళ్ళలేదు. అరకు రైలులో అద్దాల పెట్టెలో సీటు కావాలంటే వారాల ముందే చూసుకోవాలట. నవంబరులో అక్కడ వలిసె పూలు పొలాలకు పొలాలు పసుపు పూసినట్టు ఉంటాయని తెలిసీ చూసుకోకపోవటం నా బద్ధకమే.

మంగళవారం పొద్దున బిల్లు కట్టటానికి కౌంటరుకు వెళ్ళాను. అదే కుర్రాడు. గది రోజుకు 1,500, మూడు రాత్రులకు 4,500, పన్ను 540. కాగితం కిందికి దించకుండానే "ఎంత శాతం వేశావు నాయనా?" అన్నాను. పన్నెండన్నాడు. "7,500 రూపాయల లోపు గదులకు సెప్టెంబరు 22 నుంచి అయిదే శాతం. అంటే 225. 315 ఎక్కువ వేశావు."

"కంప్యూటర్‌లో అలాగే వస్తోంది మేడమ్."

మళ్ళీ మేడమ్. "యజమానికి ఫోను చెయ్యి బాబూ. స్పీకరు పెట్టు."

పెట్టాడు. నా వెనక ముగ్గురు బిల్లు కట్టటానికి నిలబడి ఉన్నారు. వాళ్ళకూ వినిపించేలా లెక్క మొదటి నుంచి చెప్పాను. అటువైపు నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "తగ్గించి తీసుకో" అన్న మాట వచ్చింది. వెనక ఉన్న ముగ్గురూ తమ కాగితాలు విప్పి చూసుకోవటం మొదలుపెట్టారు.

ఆ 315తో మాడుగుల హల్వా కొన్నాను. ఇందాకే మా ఆయన డబ్బా మూత తీసి, "గది ఇప్పించింది నేనే కదా, నా వాటా ఎంత?" అన్నారు. ఒక ముక్క పెట్టాను. రెండోది అడిగితే స్పీకరు సంగతి గుర్తు చేశాను.