డి-1 కోసం రెండు నెలలు

నేను ప్రాక్టీసులో చేరిన మూడో ఏడాది అది. హత్యాయత్నం కేసు, ఐపీసీ 307. మేం వాదిస్తున్న ముద్దాయికి బెయిలు రాలేదు. సీనియర్ గారికి జ్వరం రావడంతో ఎదురు విచారణ నా మీద పడింది.

వీధి దీపం వెలుగులో ముద్దాయి కత్తి ఎత్తడం కళ్లారా చూశానని రెండో సాక్షి చెప్పాడు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో ఉన్నది వేరు. కేకలు విని వెళ్లేసరికే మనిషి కింద పడి ఉన్నాడు, పొడిచింది ఎవరో అక్కడివాళ్లు చెబితే తెలిసింది అని ఉంది. కేసంతా ఆ తేడాలోనే ఉంది. "పోలీసులకు వేరేగా చెప్పారు కదా?" అని అడిగాను. "లేదండీ" అన్నాడు. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను. దర్యాప్తు అధికారి వచ్చిన రోజు కత్తి స్వాధీనం గురించే అడిగి పంపించేశాను.

వాదనలకు ముందు సీనియర్ గారు ఫైలు తిరగేసి, "డి-1 ఎక్కడమ్మా?" అన్నారు. డి-1 అంటే ముద్దాయి తరఫున గుర్తు వేయించే మొదటి పత్రం. నాకు నోట మాట రాలేదు.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 161 కింద పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదని చట్టమే చెబుతుంది. ఫైలులో ఉన్నంత మాత్రాన అది సాక్ష్యం కాదు. అందులోని ఆ వాక్యాలనే సాక్షికి చదివి వినిపించాలి. ఒప్పుకుంటే సరే. కాదంటే ఆ భాగాన్ని గుర్తు వేయించి, దర్యాప్తు అధికారి నోట రుజువు చేయించాలి. దీని మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1959 నాటి తహశీల్దార్ సింగ్ తీర్పు, 2015 నాటి వి.కె. మిశ్రా తీర్పు ఆ రాత్రే కూర్చుని మళ్లీ చదివాను. కొత్త చట్టాల్లో 161 కాస్తా 180 అయింది, పాత వాంగ్మూలాన్ని సాక్షి ముందుంచడం గురించి చెప్పే సాక్ష్య చట్టంలోని 145 ఇప్పుడు 148. పద్ధతి మాత్రం అదే.

రెండో సాక్షినీ, దర్యాప్తు అధికారినీ మళ్లీ పిలిపించమని సీఆర్‌పీసీ 311 కింద పిటిషన్ వేశాం. లోపాలు పూడ్చుకోవడానికే ఇదంతా అని పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. న్యాయవాది పొరపాటుకు ముద్దాయి నష్టపోకూడదంటూ జడ్జి గారు అనుమతించారు, సాక్షుల ఖర్చులు మేమే కట్టాలన్నారు. కట్టాను. కానీ వాయిదాల మధ్య గడిచిన రెండు నెలలూ ఆ మనిషి జైల్లోనే ఉన్నాడు. ప్రతి పేషీకి అతని తల్లి వచ్చి వరండాలో కూర్చునేది. ఆలస్యం ఎందుకైందో ఆమెకు నేనే చెప్పాను. వేరొకరితో చెప్పించడం నాకు మనస్కరించలేదు.

ఈసారి ఒక కాగితం తయారు చేసుకున్నాను. ఎడమవైపు వాంగ్మూలంలోని వాక్యం ఉన్నది ఉన్నట్టు, కుడివైపు దర్యాప్తు అధికారిని అడగవలసిన ప్రశ్న. సాక్షికి నెమ్మదిగా చదివి వినిపించాను. "అలా చెప్పలేదు" అన్నాడు. రుజువుకు లోబడి డి-1గా గుర్తు వేశారు. తర్వాతి వాయిదాకు దర్యాప్తు అధికారి బోనెక్కి, వాంగ్మూలం చూసుకుని, "రెండో సాక్షి డి-1లో ఉన్నట్టే నా ముందు చెప్పాడు" అన్నారు. నేను కూర్చోలేదు. "వీధి దీపం సంగతి?" అని అడిగాను. చెప్పకుండా వదిలేసిన మాట కూడా, అది ముఖ్యమైనదైతే, వైరుధ్యమే అవుతుంది.

"ఆ సంగతి నాకు చెప్పలేదు" అన్నారాయన. స్టెనో గారు ఆ వాక్యం టైపు చేసేదాకా నిలబడే ఉన్నాను.