బంతి పట్టే బుట్ట

"గింత సదువు సదివి, గా దేశం పోయి బుట్టలు చేస్తున్నవా అల్లుడా?" హనుమకొండలో పెండ్లి భోజనాల దగ్గర పదిమందిలో మా మేనమామ అన్నమాట ఇది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, విమానం ఎక్కాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎన్ఐటీలో చదివిన మేనల్లుడని ఊరంతా చెప్పుకున్న మనిషే మరి ఆయన.

మామా, అది ఉత్త బుట్ట కాదు. స్కాట్లాండ్‌లో మేం చేస్తున్నది పిల్లలూ పెద్దవాళ్లూ ఆడుకునే చిన్న గోల్ఫ్. అసలు గోల్ఫ్ బంతి 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 45.93 గ్రాములు మించకూడదు. అది పడాల్సిన గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఆ బంతి తగిలితే తల పగులుతుంది. అందుకే మేం టెన్నిస్ బంతంత మెత్తటిది వాడి, గుంతకు బదులు నేలమీద ఒక గురి నిలబెడతాం: స్టాండుకు వేలాడే వల, దాని కింద బుట్ట. బంతి దానికి తగిలి అక్కడే ఆగాలి. మా తిప్పలన్నీ అక్కడే.

వల బిగించి కడితే బంతి ఎగిరి వెనక్కి వస్తుంది. వదులుగా వేలాడదీస్తే వల కూడా కాస్త వెనక్కి జరిగి వేగాన్ని మింగేస్తుంది, బంతి కిందికి జారుతుంది. మా వరంగల్ కొత్తవాడలో దండెం మీద ఆరేసిన జంపఖానాకు మా క్రికెట్ బంతి తగిలి చప్పున పడిపోయేది కదా, అదే సంగతి. బంతికి బదులు పళ్లెంలాంటి డిస్కు విసిరి ఆడే డిస్క్ గోల్ఫ్ బుట్టలో గొలుసులు చేసేదీ ఈ పనే. అమెరికాలో ఎడ్ హెడ్రిక్ 1970లలో దానికి పేటెంట్ తీసుకున్నాడు. వల మరీ వదులైతే గాలికి ఊగిపోతుంది. చెప్పుల పట్టీలకుండే వెల్క్రో వేస్తే బంతి బాగానే అతుక్కుంటుంది గానీ, గడ్డీ దుమ్మూ ఇరుక్కుని పట్టు పోతుంది. పైగా వేళ్లలో బలం లేనివాళ్లు దాన్ని పీకలేరు.

ఇదంతా సరే, నాకు చిరాకు పుట్టించింది వేరే. బుట్ట అడుగు ఎంత ఎత్తులో ఉండాలన్నదాని మీద నెలల తరబడి మీటింగులు! ముసలివాళ్లు వంగకుండా బంతి తీసుకోవాలట. చక్రాల కుర్చీకి స్టాండు కాళ్లు అడ్డు రాకూడదట. అడుగు వాలుగా ఉండి బంతి చేతికందేలా ముందుకు దొర్లాలట. ఇంత గారాబమా అనుకునేవాణ్ని. మన దగ్గర డెబ్బై దాటినాయన ఆడతానంటే "ఇప్పుడేం ఆటలు, రామా కృష్ణా అనుకోక" అంటారు ఇంట్లోవాళ్లే. (జనం విలువిద్య మానేస్తున్నారని 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు కూడా గోల్ఫ్‌ను నిషేధించింది లెండి.) మన పెద్దవాళ్లకు మనుమలున్నారు, అరుగుల మీద ముచ్చట్లున్నాయి, వీళ్లకు ఎవరూ లేక ఆటలు కనిపెడుతున్నారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ మాట అనడానికి ఇప్పుడు నోరు రావట్లేదు. మామ ఉండేది మూడో అంతస్తు ఫ్లాట్‌లో, కొడుకేమో బెంగళూరులో. ఇంక అరుగెక్కడిది? పెండ్లిలో నన్ను ఎకసెక్కాలాడిన మనిషి, ఇంటికెళ్లాక తాళంచెవి జారిపడితే "జర తీసియ్యి బిడ్డా" అన్నాడు. మోకాళ్ల నొప్పులు.

ఈ వారం మా మేనేజరు కొత్త మాట తెచ్చాడు. స్టాండు ఎత్తు తగ్గిస్తే చిన్న పెట్టెలో పడుతుందట, రవాణా ఖర్చు కలిసొస్తుందట. కాళ్లు మడిచేలా గీసిస్తాను, ఎత్తు మాత్రం తగ్గించనని చెప్పాను. మడిచే చోట బలం తగ్గుతుందని ఆయన, తగ్గదని నేను. ఇంకా తేలలేదు.