ప్యాకింగ్ మార్చినా పోని చప్పుడు

వెనక ఇంజన్ ఉండే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారంటేనే చప్పుడు. నాకు దానితో తగాదా లేదు. కానీ చల్లటి ఇంజన్ స్టార్టు చేయగానే వెనక నుంచి ‘చుఫ్ చుఫ్’మని వినబడి, వేడెక్కాక తగ్గిపోయే చప్పుడు ఒకటుంది. అది ఎగ్జాస్ట్ ప్యాకింగ్ (ఇంజన్‌కూ పొగగొట్టానికీ మధ్య సందు మూసే పలుచటి బిళ్ల) దగ్గర గ్యాసు కారుతున్న చప్పుడు. లోహం వేడికి వ్యాకోచించి సందు కాస్త మూసుకోగానే అది మాయమవుతుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు.

మా 1969 మోడల్ 1500 సీసీ బండి ఈ సంగతి మరింత గట్టిగా చెప్పింది. భాకరాపేట ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపాకాయలు పేలాయి. కారే సందులోంచి బయటి గాలి లోపలికి వెళ్లి, కాలకుండా మిగిలిన పెట్రోలు అక్కడ మండుతుంది. తిరుపతిలో చూపిస్తే మెకానిక్ “రెండేసి ప్యాకింగులు వేసేద్దాం సార్, గట్టిగా కూర్చుంటాయి” అన్నాడు. వద్దన్నాను. ఎర్ర సిలికాన్ పూద్దామన్నాడు. అదీ వద్దన్నాను. పోర్టు, అంటే ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే రంధ్రం దగ్గరి వేడికి ఆ సిలికాన్ నిలవదు. ఇక ప్యాకింగ్ ఎన్ని పొరలైతే అన్ని చోట్ల వదులయ్యే అవకాశం.

తప్పు చాలాసార్లు ప్యాకింగ్‌ది కాదు, అది కూర్చునే ముఖానిది. ఈ ఇంజన్‌కు నాలుగు ఎగ్జాస్ట్ పోర్టులు, ఒక్కో దానికి రెండు స్టడ్లు (నట్టు బిగించే మర కడ్డీలు). ముందువైపు ఒకటి, మూడు సిలిండర్ల పోర్టులు హీట్ ఎక్స్ఛేంజర్లకు (పొగ వేడితో హీటర్ గాలిని వేడిచేసే గొట్టాలకు), వెనకవైపు రెండు, నాలుగు సిలిండర్లవి నేరుగా సైలెన్సర్‌కు కలుస్తాయి. ఏళ్ల తరబడి నట్లు అతిగా బిగిస్తే ఉక్కు ఫ్లాంజ్ (గొట్టం చివర పోర్టుకు ఆనే పలక) చెవులు వంగి మధ్యభాగం ఎత్తుగా మిగులుతుంది. అలాంటి దానికి ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా మసి కారుతూనే ఉంటుంది. ఫ్లాంజ్ మీద స్కేలు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనబడిపోతుంది. రేణిగుంట రోడ్డులో లేత్ షాపు నడిపే పెద్దాయన మా ఫ్లాంజులను ఆకురాయితో సరిచేసి, అద్దం మీద పరిచిన ఎమరీ కాగితంపై రుద్ది ఇచ్చారు. నా దృష్టిలో సగం పని అక్కడే అయిపోయింది.

పోర్టులుండే సిలిండర్ హెడ్డువైపు మాత్రం ఆకురాయి, స్క్రూడ్రైవర్ దగ్గరికి రానివ్వకూడదు. అది అల్యూమినియం. పాత ప్యాకింగ్ ముక్కలను చెక్కముక్కతో ఓపిగ్గా గీకాలి. తుప్పు పట్టిన నట్టుకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి, మర్నాడు కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పాలి. తొందరపడితే స్టడ్ విరుగుతుంది, లేదా హెడ్డులోని మరను ఊడదీసుకుని వస్తుంది. కొత్త నట్లు 12 ఎంఎం స్పానర్ పట్టే రాగిపూత రకమైతే మంచిది. మామూలు 13 నట్టుకు అక్కడ స్పానర్ తిప్పే చోటు చాలదు.

బిగించే వరుస ముఖ్యం. ఒకసారి నలిగిన ప్యాకింగ్ మళ్లీ వాడకూడదు. హీట్ ఎక్స్ఛేంజర్లు, సైలెన్సర్, వాటి మధ్య క్లాంపులు అన్నీ ముందు చేతివేళ్లతో మాత్రమే పెట్టి, సైలెన్సర్‌ను అటూ ఇటూ కదిపి దాని చోట అది కూర్చోనివ్వాలి. తర్వాత హెడ్డు నట్లను మార్చి మార్చి కొద్దికొద్దిగా, సుమారు 20 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. క్లాంపులు చివర్లోనే. ముందే బిగిస్తే పైపు వంకరగా లాగి ఫ్లాంజ్‌ను ఒకవైపు ఎత్తుతుంది. బండిని వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారాక మరోసారి నట్లు చూడాలి. వెనక రెండు గొట్టాలకూ మందపాటి గుడ్డ అడ్డం పెట్టించి వింటే ఇంకా ఎక్కడైనా కారుతోందో బుసబుస చెప్పేస్తుంది.

ఇది చప్పుడుతో పోయే విషయం కాదు. హీట్ ఎక్స్ఛేంజర్ల మీదుగా వెళ్లిన గాలే హీటర్ తెరిస్తే కారులోకి వస్తుంది. అక్కడ ఎగ్జాస్ట్ కారితే రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా దానితో వస్తుంది. తిరుపతి ఎండల్లో హీటర్ ఎవరికి కావాలి అంటారా, నిజమే. అందుకే కొందరు హీట్ ఎక్స్ఛేంజర్లు తీసేసి జె ఆకారపు పైపులు వేస్తారు. వేసుకోండి, కానీ ఇంజన్‌ను చల్లబరిచే ఫ్యాన్ కవచం నుంచి హీటర్‌కు గాలి పంపే రెండు రంధ్రాలను మూసేయండి. లేకపోతే సిలిండర్లకు అందాల్సిన గాలి అటు పోతుంది. 1971కి ముందు బళ్లలో ఆయిల్ కూలర్ అడ్డం ఉండటం వల్ల మూడో సిలిండర్‌కు ఎలాగూ గాలి తక్కువ.