రూయినర్ హార్డ్ మోడ్: స్కిల్స్ మారుస్తూ ఆడిన నోట్స్

రూయినర్ అనే వీడియో గేమ్‌ని నార్మల్ కష్టస్థాయి మీద పూర్తి చేసి, ఇప్పుడు హార్డ్ మీద మొదటి నుంచి ఆడుతున్నాను. ఏ ఫైట్‌లో ఏం పనిచేసింది, ఏ స్కిల్ (హీరో వాడే ప్రత్యేక శక్తి) తీసేసి ఏది పెట్టాను అన్నది ఆడినప్పుడల్లా రాసుకుంటున్నాను. ఈ గేమ్‌లో స్కిల్ పాయింట్లను ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకుని ఇంకోచోట పెట్టుకోవచ్చు. దానికి డబ్బూ అక్కర్లేదు, శిక్షా లేదు. నాకు గేమ్ మొత్తంలో అన్నిటికంటే నచ్చింది ఇదే. చాలామంది ఆటగాళ్లు ఈ సౌకర్యాన్ని అసలు వాడుకోకుండానే గేమ్ ముగించేస్తున్నారు. అందుకే ఈ నోట్స్‌లో సగానికి పైగా దాని గురించే ఉంటుంది.

ఆడని వాళ్ల కోసం నాలుగు మాటలు. పోలండ్‌లోని వార్సా నగరానికి చెందిన రైకాన్ గేమ్స్ దీన్ని తయారుచేసింది, డివాల్వర్ డిజిటల్ విడుదల చేసింది. 2017 సెప్టెంబర్ 26న పీసీ, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ మీద వచ్చింది. నింటెండో స్విచ్ మీదకు 2020లో వచ్చింది. కథ 2091లో రెంగ్‌కాక్ అనే మహానగరంలో జరుగుతుంది. హెవెన్ అనే పెద్ద కంపెనీ చెరలో ఉన్న సోదరుణ్ణి వెతుక్కుంటూ హీరో బయల్దేరతాడు. అతనికి పేరు లేదు, నోట మాట లేదు. ముఖాన్ని కప్పేసిన మాస్క్ మీద ఎర్రటి అక్షరాలు మాత్రం మెరుస్తుంటాయి. హర్ అని పిలిచే హ్యాకర్ అమ్మాయి అతని తలలోనే మాట్లాడుతూ దారి చూపిస్తుంది. కెమెరా పైనుంచి ఏటవాలుగా ఉంటుంది. ఒక చేతిలో పైపు, ఇంకో చేతిలో తుపాకీ, చుట్టూ మూసుకుపోయిన తలుపులు. లోపలున్న వాళ్లందరూ పడిపోతేనే ఆ తలుపులు తెరుచుకుంటాయి.

డాష్ దగ్గర మొదలుపెట్టాలి

మొదటి లెవెల్స్‌లో వచ్చిన పాయింట్లలో ఎక్కువ భాగం డాష్‌కే పెట్టాను. ఎవరడిగినా ఇదే చెబుతాను. బటన్‌ని ఒకసారి తట్టితే హీరో ఒక్క ఉదుటున దూసుకుపోతాడు. అదే నొక్కి పట్టుకుంటే కాలం నెమ్మదిస్తుంది, నేల మీద వరసగా పాయింట్లు పెట్టుకోవచ్చు. వదలగానే ఆ గీత వెంబడి ఒక పాయింట్ నుంచి ఇంకో పాయింట్‌కి రెప్పపాటులో వెళ్లిపోతాడు. ఒక్కో పాయింట్‌కి కొంత ఎనర్జీ తగ్గుతుంది. ఎనర్జీ లేకపోతే డాష్ లేదు, షీల్డ్ లేదు, ఏదీ లేదు. హార్డ్ మీద ప్రాణం పోయేది ఎక్కువగా ఎనర్జీ బార్ ఖాళీ అయినప్పుడే, హెల్త్ బార్ తగ్గడం ఆ తర్వాతి సంగతి.

నిన్న ఆడిన ఒక అరీనా (తలుపులు మూసుకుపోయే ఫైట్ గది) సంగతి చెబుతాను. చిన్న గది. గన్‌మెన్ ఇద్దరు దూరంగా, ఎడమ మూలన ఒకడు, కుడి మూలన ఒకడు. పైపులు పట్టుకుని మీదకి పరిగెత్తుకొచ్చేవాళ్లు ముగ్గురు. సహజంగా చేయి ముందు దగ్గరకొచ్చిన ముగ్గురి మీదకే పోతుంది. వాళ్లతో తలపడుతుంటే మూలల్లోని ఇద్దరూ తీరిగ్గా గురిచూసి కొడతారు. నేను డాష్ నొక్కి పట్టుకుని చివరి పాయింట్‌ని ఎడమ మూలన ఉన్నవాడి వెనక పెట్టాను. వదిలేసరికి మొదటివాడి వెనక తేలాను, పైపుతో రెండు దెబ్బలు. పరిగెత్తేవాళ్లు అప్పుడే వెనక్కి తిరుగుతున్నారు. మళ్లీ డాష్, రెండోవాడు. ఇక మిగిలిన ముగ్గురి చేతిలో తుపాకీ లేదు కాబట్టి వెనక్కి జరుగుతూ పిస్టల్‌తో కాల్చుకుంటూ పోవడమే. అదంతా గడియారం మీద కొన్ని సెకన్ల పని. కానీ అందులో చాలా భాగం నేను బటన్ పట్టుకుని ఆలోచించుకున్న సమయమే. ఆట ఇంత వేగంగా కనిపిస్తూనే ఆలోచించుకునే వ్యవధిని ఆటగాడి చేతికే ఇచ్చింది. ఆ వ్యవధిని వాడుకోవడం అలవాటైన రోజు నుంచి హార్డ్ మోడ్ అంటే టెన్షన్ పోయింది.

ఒక చిట్కా: పాయింట్లు ఎన్ని వీలైతే అన్నీ పెట్టకండి. చివరి పాయింట్‌కి చేరాక కూడా ఒక మామూలు డాష్‌కి సరిపడా ఎనర్జీ మిగలాలి. శత్రువు పడిపోయినప్పుడు హెల్త్, ఎనర్జీ రాలతాయి కాబట్టి, చివరి పాయింట్‌ని ఇప్పుడే ఒకడు పడబోయే చోట పెట్టుకుంటే రెండు పనులూ అవుతాయి.

పాయింట్లు ఎక్కడ పెట్టాను

కర్మ అనే పేరుతో అనుభవం పాయింట్లు వస్తాయి. అవి నిండినకొద్దీ లెవెల్ పెరుగుతుంది, స్కిల్ పాయింట్ దొరుకుతుంది. డాష్ కాకుండా నేను మార్చి మార్చి వాడుతున్నవి నాలుగు.

ఎనర్జీ షీల్డ్: తూటాలు ఎక్కువగా వచ్చే అరీనాల్లో దీన్ని మించింది లేదు. షీల్డ్ పట్టుకునే ముందుకి నడుస్తాను, దగ్గరికి రాగానే దించి పైపు వాడతాను. పెద్ద గదిలో గన్‌మెన్ నలుగురైదుగురు ఉంటే షీల్డ్ లేకుండా దిగను. పైపులు, కత్తులతో వచ్చేవాళ్లే ఉన్న గదిలో మాత్రం ఇది శుద్ధ దండగ. అక్కడ ఆ పాయింట్లన్నీ తీసేస్తాను.

స్టన్ గ్రెనేడ్: గుంపుగా వచ్చేవాళ్ల కోసం. గ్రెనేడ్ పడ్డాక వాళ్లు తేరుకునేలోపు కనీసం ఇద్దరిని ముగించొచ్చు. తొలి అరీనాల్లో దీని అవసరం పెద్దగా కనిపించలేదు. గదిలోకి ఒకేసారి రెండు వైపుల నుంచి జనం దిగడం మొదలయ్యాక దీన్ని తీయబుద్ధి కాలేదు.

రిఫ్లెక్స్ బూస్టర్: కాలాన్ని నెమ్మదింపజేసే స్కిల్. మనలాగే డాష్ చేసే శత్రువులు వచ్చేది మొదలయ్యాక తప్పనిసరిగా పెట్టాను. వాళ్లు పక్కకి దూకితే మామూలు వేగంలో గురి కుదరడం కష్టం. బూస్టర్ ఆన్ చేసి షాట్‌గన్‌తో దగ్గర నుంచి కొడితే రెండు దెబ్బల్లో పని అయిపోతుంది.

హ్యాకింగ్: శత్రువు బుర్రలోకి దూరి వాణ్ణి మన పక్షాన తిప్పుకోవడం. దీన్ని చాలామంది పట్టించుకోరు. గదిలో ఒక బలమైనవాడు, చుట్టూ అయిదారుగురు చిన్నవాళ్లు ఉంటే నేను నేరుగా పెద్దవాణ్ణే తిప్పుకుంటాను. మిగతావాళ్లు వాడి మీద పడతారు, మనకి కాస్త ఊపిరి దొరుకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఓడిపోగానే గేమ్ ఆ అరీనా మొదట్లోనే తిరిగి నిలబెడుతుంది, లోడింగ్ కోసం కూర్చోవాల్సిన పని లేదు. చాలామంది ఆ ఊపులో మళ్లీ అదే పద్ధతిలో దూకుతారు. నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఒకే గదిలో రెండోసారి పడిపోతే స్కిల్ మెనూ తెరవాలి. ఆ గదిలో నన్ను చంపింది ఎవరు, తూటానా, కత్తా, గుంపా అని చూసుకోవాలి. తూటా అయితే షీల్డ్, గుంపు అయితే గ్రెనేడ్, పెద్దవాడు ఒక్కడే అయితే బూస్టర్. మెనూలో గడిపేది అర నిమిషం. అది మానేసి అదే తలుపులోంచి పదే పదే వెళ్తే గంట గడిచిపోతుంది. మెకానిక్ బండి చూశాకే పానా తీసినట్టు, గదిని చూశాకే స్కిల్ ఎంచుకోవాలి.

ఆయుధాలు

మొదటి నుంచీ ఉండే పైపు, పిస్టల్ ఎప్పటికీ పోవు. శత్రువుల నుంచి పడిన ఆయుధాలకి మాత్రం లెక్క ఉంటుంది. తుపాకీలో గుళ్లు అయిపోతే, కత్తి అరిగిపోతే, మళ్లీ మన పైపు, పిస్టల్ చేతికొస్తాయి. కాబట్టి మంచి ఆయుధం దొరికిందని దాచుకోవడం అనవసరం. దొరికినప్పుడే వాడేయాలి, వాడుతున్నప్పుడే తర్వాతది ఎక్కడ పడిందో కంట కనిపెట్టుకోవాలి. కాల్పులు సాగుతుండగానే నేల మీద ఏముందో చూడటం అలవాటు చేసుకుంటే హార్డ్ మోడ్‌లో సగం పని అయినట్టే.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది షాట్‌గన్. డాష్‌తో దగ్గరికి వెళ్లడం, కొట్టడం, డాష్‌తోనే బయటికి రావడం ఒకే కదలికలా అతుకుతాయి. ఫ్లేమ్‌త్రోయర్ గుంపుల మీద బాగుంది కానీ ఆ మంటల వెలుగులో ఎదురుగా వచ్చే తూటాలు కనిపించవు. దూరం నుంచి ఒక్క దెబ్బకి కొట్టే బరువైన తుపాకులు నా ఆటతీరుకి సరిపడలేదు, ఎదురైతే వదిలేస్తున్నాను.

నర్వ్, ఆ తర్వాత

క్రీప్స్ గ్యాంగ్ నాయకుడు నర్వ్ దగ్గర చాలామంది ఆగిపోతారని తోటి ఆటగాళ్ల మాటల్లో పదే పదే విన్నాను. హార్డ్ మీద నాకూ అక్కడే ఎక్కువ సమయం పట్టింది. పనిచేసిన పద్ధతి ఇది: మొదటి కొద్దిసేపు దెబ్బ వేయాలన్న ఆలోచనే పెట్టుకోలేదు. అతను దాడికి ముందు ఏం చేస్తాడు, దాడి తర్వాత ఎంతసేపు ఖాళీగా నిలబడతాడు అన్నది చూస్తూ తిరిగాను. షీల్డ్‌లోని పాయింట్లు మొత్తం తీసి డాష్‌లోకి, రిఫ్లెక్స్ బూస్టర్‌లోకి వేశాను. అతను ఆగిన క్షణంలో లోపలికి, రెండు దెబ్బలు, బయటికి. మూడో దెబ్బకి ఆశపడకపోవడమే ఆ ఫైట్‌లో నేను నేర్చుకున్నది. దొరికిన గుళ్లన్నీ చివరి భాగం కోసం ఉంచాను, పిస్టల్‌తోనే మొదటి సగం లాగాను.

మిషన్ల మధ్య రెంగ్‌కాక్ వీధుల్లో తిరిగే అవకాశం ఉంటుంది. చిన్నచిన్న పనులు ఇచ్చేవాళ్లు అక్కడ నిలబడి ఉంటారు. వాటిని దాటేయకండి. కర్మ కలిసొస్తుంది, పైగా ఆ వీధి చూడటానికే ఎంతో బాగుంటుంది. జపాన్ సంగీతకారుడు సుసుము హిరసావా పాట ఆ ఎర్రని వెలుగులో నెమ్మదిగా వినిపిస్తుంటే కాల్పుల వేడి దిగిపోతుంది. అరీనాల్లో మాత్రం సైడ్‌వాక్స్ అండ్ స్కెలెటన్స్, జమిల్స్కా లాంటివాళ్ల బరువైన ఎలక్ట్రానిక్ సంగీతం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడాలి, అది లేకుండా ఆడితే గేమ్‌లో పావు వంతు పోయినట్టే.

తోటి ఆటగాళ్లు ఏమంటున్నారు

ఫైట్ బాగుంటుందన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. బొమ్మలు, మాస్క్ మీద మారే అక్షరాలు కూడా అందరికీ నచ్చినవే. ఫిర్యాదుల్లో మూడు ఎక్కువగా వినిపిస్తాయి.

మొదటిది, గేమ్ చిన్నది. నిజమే, కథ ఒకసారికి ఆరేడు గంటల్లో అయిపోతుంది. నాకు అది లోటుగా అనిపించలేదు. ఇంత తీవ్రంగా సాగే ఆటని ఇరవై గంటలు లాగితే చేతులు ఊరుకోవు. తర్వాత వచ్చిన ఉచిత అప్‌డేట్‌లో న్యూ గేమ్ ప్లస్ (పూర్తి చేసిన గేమ్‌ని మళ్లీ మొదటి నుంచి ఆడటం), అరీనా మోడ్, స్పీడ్‌రన్ మోడ్ (వీలైనంత త్వరగా ముగించే పోటీ) కలిపారు కాబట్టి ఇంకా ఆడాలనుకునేవాళ్లకి దారి ఉంది.

రెండోది, అంతా ఎరుపే. వెనక గోడ ఎరుపు, లైట్లు ఎరుపు, ప్రమాదం సూచించే గీతలూ ఎరుపే కావడంతో ఏది తప్పించుకోవాలో ఒక్కోసారి తెలియదు. ఈ ఫిర్యాదుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మానిటర్ బ్రైట్‌నెస్ కొంచెం పెంచి, గదిలో ఒక లైటు వేసుకుని ఆడితే నాకు తేడా తెలిసింది. చీకట్లో ఆడితే కళ్లు త్వరగా అలిసిపోతున్నాయి.

మూడోది, బాస్‌లా (ఒంటరిగా ఎదురయ్యే పెద్ద శత్రువులా) పరిచయమైనవాళ్లే తర్వాత మామూలు శత్రువుల మధ్య మళ్లీ కనిపిస్తారని. దీన్ని లోపంగా చెప్పేవాళ్లతో నేను వాదిస్తాను. మొదటిసారి ఒక్కణ్ణి ఓడించడానికి చెమటలు పట్టినవాడే, తర్వాత ఇద్దరుగా వచ్చినా పడిపోతున్నాడంటే చేతికి ఎంత పనితనం వచ్చిందో అక్కడ కళ్లకి కడుతుంది. కథ పలచగా ఉందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. హర్ పాత్ర మీద మొదట్లో కలిగిన ఆసక్తికి తగినంత స్థలం గేమ్ ఇవ్వలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాను

చివరి మిషన్లకి దగ్గరలో ఉన్నాను. డాష్ నిండుగా ఉంది, రిఫ్లెక్స్ బూస్టర్ దాదాపు నిండింది, మిగతా పాయింట్లు గదిని బట్టి షీల్డ్, గ్రెనేడ్ మధ్య తిరుగుతున్నాయి. ప్రతి అరీనా తర్వాత ఇచ్చే ర్యాంకు మొదట్లో పట్టించుకోలేదు కానీ ఇప్పుడు పాత గదుల్లో ర్యాంకు పెంచుకోవాలని ఆశగా ఉంది. ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిది కాబట్టి, అక్కడ షీల్డ్‌తో నెమ్మదిగా నడిచే పద్ధతి పనికిరాదు. హార్డ్ పూర్తవగానే న్యూ గేమ్ ప్లస్‌లో హ్యాకింగ్‌కే ఎక్కువ పాయింట్లు పెట్టి, పైపు, పిస్టల్ తప్ప వేరే ఆయుధం ముట్టకుండా నర్వ్ దాకా వెళ్లి చూస్తాను. ఇలా ఆడినవాళ్లు ఉంటే, డ్రోన్‌లు ఎక్కువగా ఉన్న గదుల్లో మీరు ఏ స్కిల్ పెట్టారో చెప్పండి. నాకు ఇంకా సరైన కలయిక దొరకనిది అక్కడే.