మేడమ్, బంతి ఆడితే జీతమిస్తారా?

పోయిన నెల ఒక ఆదివారం, మా గురుకులంలో తల్లిదండ్రులు పిల్లలను చూసిపోయే రోజు. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన ఒక తల్లి వరండా మెట్టు మీద కూర్చుని, తొమ్మిదో తరగతి కూతురికి చెంచాతో అన్నం తినిపిస్తోంది. ఇంత పెద్ద పిల్లకు చెంచా ఎందుకమ్మా అన్నాను. చేతులు చూపించింది. మిర్చి కోతలకు పోతోందట. ఎన్నిసార్లు కడిగినా వేళ్ల మంట పోలేదు, చేత్తో పెడితే బిడ్డ నోరు మండుతుందని భయం.

ఆ పిల్ల మా ఫుట్‌బాల్ జట్టులో ఎడమ వైపు ఆడుతుంది. జిల్లా స్థాయి పోటీలకు పంపడానికి సంతకం కావాలి. కాగితం ముందు పెట్టగానే తల్లి అడిగింది: "మేడమ్, ఈ బంతి ఆడితే జీతమిస్తారా?"

పద్నాలుగేళ్లుగా పీఈటీగా ఉన్నాను. ఎండలో నల్లబడుతుందేమో, మోకాలు విరిగితే పెళ్లెలా అవుతుంది, నిక్కర్లు వేసుకోవాలా... ఇవన్నీ అడిగినవాళ్లున్నారు. జీతం సంగతి అడిగిన మొదటి మనిషి ఈమె. బిడ్డ ఆటను పనిగా లెక్కలోకి తీసుకున్న మొదటి మనిషి కూడా ఈమే. అందుకే గౌరవంగా, దాచకుండా చెప్పాలనిపించింది.

నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఇంటిపేరు వినగానే ఆమె చెంచా ఆపింది. "మా వాళ్లేనా?" అంది. అవునమ్మా, మీ వాళ్లే.

సౌమ్య 2001లో పుట్టింది. మొదట పరుగు పందాల పిల్ల. ఆ వేగం చూసిన కోచ్ బంతి ఆటలోకి తెచ్చారు. అక్కడి నుంచి కేరళలో గోకులం క్లబ్బు, భారత జట్టు. 2022లో మరో భారత క్రీడాకారిణి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్లింది. ఆ తర్వాత కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టు మీద 1–0తో గెలిచి ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ విజేత అయిందంటే, ఆ ఒక్క గోల్ సౌమ్యదే. ఆ ఏడాది భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డూ ఆమెకే ఇచ్చింది.

"అయితే జీతం?" అంది తల్లి మళ్లీ. నా గొప్పలన్నీ విని, అసలు ప్రశ్న మరచిపోలేదు.

ఇస్తారు. 2023లో సమాఖ్య ఒక నియమం పెట్టింది: మహిళల అగ్రశ్రేణి లీగులో ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలి. నెలకు లెక్కేస్తే ఇరవై ఆరు వేల పైచిలుకు. ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. ఆ తర్వాత, చెప్పడానికి నాకే కష్టమైన మాట కూడా చెప్పాను. ఆ లీగులో ఆడేవి ఏడెనిమిది జట్లు. గత రెండు సీజన్లలో వాటిలో మన తెలంగాణ జట్టు ఒక్కటీ లేదు. అంటే ఇక్కడి పిల్ల జీతం తీసుకోవాలంటే కేరళకో, బెంగాల్‌కో, ఒడిశాకో పోవాలి. అక్కడివాళ్లు పిలవాలంటే పద్దెనిమిదేళ్లు వచ్చేసరికే ఆట కనిపించాలి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది వరకు చాలామందికి ఎవరూ రూపాయి ఇవ్వరు. బూట్లు, ప్రయాణాలు చాలావరకు ఇంటి ఖర్చే. సరిగ్గా ఆ వయసులోనే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. మన దగ్గర ఆట ఆగిపోయేది గాయాల వల్ల కాదు, ఈ నాలుగేళ్ల వల్ల.

నాదీ అక్కడే ఆగింది, కాకపోతే రెండేళ్లు ఆలస్యంగా. డిగ్రీలో ఉండగా యూనివర్సిటీ జట్టుకు ఆడాను. మగపిల్లల సాధన అయ్యాక, చీకటి పడేముందు మాకు అరగంట మైదానం దొరికేది. బంతి కనిపించక శబ్దాన్ని బట్టి కాలు పెట్టేవాళ్లం. డిగ్రీ అయ్యాక ఇక ఆడటానికి జట్టే లేదు. దేశంలో మహిళల లీగ్ మొదలైంది 2016–17లో. అప్పటికి నేను పిల్లలకు ఈల ఊదుతున్నాను. బాధ లేదని అనను. ఇప్పటికీ హనుమకొండలో జేఎన్ స్టేడియం పక్కనుంచి పోతుంటే లోపల ఎవరు ఆడుతున్నారో చూడకుండా బండి ముందుకు పోదు.

ఈ పిల్ల విషయంలో నాకు ఎందుకంత పట్టుదల అంటే, ఒక్క సంగతి చెబుతాను. మా మైదానం మొరం నేల. బంతి పడితే ఎటు లేస్తుందో తెలియదు. చాలామంది పిల్లలు బంతి వస్తుంటే కాలు బిగించి నిలబడతారు, అది తగిలి పది అడుగుల దూరం పోతుంది. ఈ పిల్ల బంతి తాకే క్షణాన పాదాన్ని జానెడు వెనక్కి తీసుకుంటుంది, ఎవరో విసిరిన గుడ్డును పగలకుండా పట్టుకున్నట్టు. బంతి కాలి ముందే ఆగుతుంది. అప్పటికే తల ఎత్తి ఎవరికివ్వాలో చూస్తూ ఉంటుంది. నేను నేర్పింది కాదు. నేర్పగలిగేదాన్నయితే ముప్పై మందికీ నేర్పేదాన్ని.

తల్లికి ఇంకో మాట కూడా చెప్పాను. కష్టపడినా చేతిలో లేనివి ఉంటాయి. 2022 జనవరిలో మహిళల ఫుట్‌బాల్ ఆసియా కప్ మన దేశంలోనే జరిగితే, మన జట్టులో కరోనా వచ్చి మ్యాచ్‌కు కనీసం కావలసిన పదమూడు మంది కూడా దొరకక టోర్నీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. ఏళ్ల సాధన ఒక్క సాయంత్రంలో పోయింది. కానీ ఆ జట్టే 2025లో థాయిలాండ్‌లో అర్హత పోటీలు ఆడింది. మంగోలియా మీద 13–0, అందులో సౌమ్యవి రెండు. చివరి మ్యాచ్‌లో థాయిలాండ్‌నే 2–1తో ఓడించింది, ఆ రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వి. అర్హత పోటీలు గెలిచి మన అమ్మాయిలు ఆసియా కప్‌కు వెళ్లడం అదే మొదటిసారి. ఆ కప్పు 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. కూతురు ప్లేటు కడుక్కుని వచ్చింది. "పది అయ్యేదాకా ఆడనివ్వండి మేడమ్. ఆ తర్వాత వాళ్ల నాన్నతో మీరే మాట్లాడాలి" అంటూ కాగితం తీసుకుంది. పెన్ను పట్టుకుంటే వేళ్లు మండాయేమో, పేరు రాయడానికి రెండుసార్లు ఆగింది.

బస్సు టైమయిందని లేచి, గేటు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. కొంగు ముడి విప్పి మూడు వందలు నా చేతిలో పెట్టి, "బూట్లకు" అంది. పిల్లకు కావలసింది నాలుగో నంబరు. రేపు వరంగల్ పోతున్నాను.